జరిగాక వినిపించే కాలజ్ఞానం

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైందో లేదో, కాలజ్ఞానం చెప్పిన బ్రహ్మంగారు వాట్సాప్‌లో ప్రత్యక్షమయ్యారు. ఈశాన్యాన విషగాలి పుడుతుందనీ, కోరంకి అనే జబ్బు కోటిమందికి తగిలి జనం కోళ్లలా తూగి చస్తారనీ ఆయన మూడు వందల ఏళ్ల కిందటే చెప్పారట. "చూశారా, అక్షరాలా జరిగింది" అంటూ ఒకరు పంపితే పదిమంది దండాలు పెట్టారు.

అక్షరాలా అన్నారు కనుక అక్షరాలే చూద్దాం. బ్రహ్మంగారి కడప నుంచి చూస్తే చైనా ఈశాన్యమే. శ్రీకాకుళమూ ఈశాన్యమే, అస్సామూ ఈశాన్యమే. జబ్బు ఎక్కడ పుట్టినా కొంత సర్దుకోవచ్చు. కోటి మాటకొస్తే, ప్రపంచంలో కరోనా కేసులు 2020 జూన్ చివరికే కోటి దాటాయి, ఆ తర్వాత 70 కోట్లూ దాటాయి. సోకినవాళ్లలో అత్యధికులు కోలుకుని లేచి తిరిగారు. నిజంగా మనదేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసిన రోగం 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా. అది బొంబాయి రేవులో దిగింది. కడపకు అది వాయవ్యం. దాని మీద పద్యం పంపినవాళ్లు ఎవరూ లేరు, ఎందుకంటే ఆ చావులు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు.

ఒక అంబ పదహారేళ్లు రాజ్యమేలుతుందన్న కాలజ్ఞానపు మాట ఇంతకంటే గట్టిది. ఇందిరాగాంధీ 1966 నుంచి 1977 దాకా, మళ్లీ 1980 నుంచి 1984 దాకా ప్రధాని. కలిపితే దాదాపు పదహారేళ్లే. ఒప్పుకుంటాను, లెక్క బాగానే కుదిరింది. అయితే కాలజ్ఞానం తాళపత్రాల మీద, తత్వాలు పాడేవాళ్ల నోళ్లలో, ఆపైన తిరునాళ్లలో అమ్మే అచ్చు పుస్తకాల్లో తిరిగి తిరిగి మనదాకా వచ్చింది. ఒక ప్రతిలో ఉన్నది ఇంకో ప్రతిలో ఉండదు. ఆ పదహారేళ్ల మాట 1966కు ముందు అచ్చయిన పుస్తకంలో చూపించమనండి, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. ముఖానికి రంగేసుకునేవాళ్లు ఏలుతారన్న జోస్యాన్ని ఎన్టీఆర్‌కు అతికించారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే, 1984లో, బ్రహ్మంగారి వేషం కట్టిన సినిమా విడుదలైంది. జోస్యానికి అంతకు మించిన ప్రచారం ఏముంటుంది!

ముందుగా చెప్పడమంటే ఎలా ఉంటుందో చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. ఊరు, తేదీ, గాలి వేగం అన్నీ చెప్పింది. తప్పయితే మర్నాడే నలుగురిలో నవ్వులపాలయ్యేది. అలా తప్పయ్యే వీలుంది కనుకే ఆ మాట విని లక్షలమందిని తీరం నుంచి తరలించగలిగారు. కాలజ్ఞానం విని ముందురోజు మూట సర్దుకున్న కుటుంబాన్ని ఒక్కదాన్ని చూపించగలరా?

కృష్ణమ్మ పొంగి కనకదుర్గమ్మ ముక్కుపుడక అందుకుంటుందని కాలజ్ఞానంలోదే మరో మాట. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. ముక్కుపుడక మాట మళ్లీ లేచింది. అమ్మవారి గుడి కొండ మీద ఉంది, నీళ్లు అంతెత్తుకు చేరితే కింద బెజవాడే మిగలదు. ఇంతకూ ఆ వారం సింగ్‌నగర్ ఇళ్లను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. కట్టలకు గండ్లు పడ్డాయి. ఏళ్ల తరబడి కాలువ దారిని ఆక్రమించి ఇళ్లు కట్టారు. మేడల మీద చిక్కుకున్నవాళ్లు పాలకూ మంచినీళ్లకూ పడవల కోసం ఎదురుచూశారు. గండ్లు పూడ్చడానికి చివరికి సైన్యాన్ని దించారు. బుడమేరు గురించి ఏ జోస్యమూ చెప్పలేదు. బుడమేరును ఆక్రమించిన మనిషికి ఓటుంటుంది, కృష్ణమ్మ పొంగు మాత్రం దైవనిర్ణయం. ఏలేవాళ్లకు ఏది సుఖమో వేరే చెప్పాలా?

ఈ గోలలో అసలు మనిషి మరుగున పడ్డాడు. పోతులూరి వీరబ్రహ్మం విశ్వబ్రాహ్మణుడు. బనగానపల్లెలో అచ్చమ్మ ఇంట పశువులు కాశాడనీ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడనీ, కందిమల్లాయపల్లెలో సజీవ సమాధి అయ్యాడనీ చెబుతారు. ఆవుల చుట్టూ గీసిన గీత, సమాధిలోంచి పలకడం లాంటి కథలను పక్కన పెట్టినా ఒకటి మిగులుతుంది. దూదేకుల ఇంట పుట్టిన సిద్దయ్యను ఆయన ముఖ్యశిష్యుణ్ణి చేసుకున్నాడు. పంచముడని ఊరు వెలివేసిన కక్కయ్యకు యోగం బోధించాడు. పదిహేడో శతాబ్దపు రాయలసీమలో ఇది విషగాలి జోస్యం కంటే వెయ్యిరెట్లు సాహసం. అందుకు దివ్యదృష్టి అక్కర్లేదు, పక్క మనిషిని మనిషిగా చూసే కన్ను చాలు. తెల్లవార్లూ ఆడే బ్రహ్మంగారి నాటకంలో కక్కయ్య ఘట్టానికి ఈలలు, చప్పట్లు మోగిపోయేవి. అదే ఊళ్లో పొద్దున్నే టీ కొట్టు తెరిస్తే, కక్కయ్య వాడవాళ్లకు గ్లాసు వేరుగా ఉండేది.