బానెట్టు తెరువవలసిన రథము

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున పసుపువన్నెతో నిలిచియున్న రోల్స్‌రాయిస్ శకటమును, అనగా ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో తనకై చేయించుటకు ఆజ్ఞాపించి, అది చేతికందకమునుపే కన్నుమూసిన ఆ రథమును, చూడవచ్చినవారందరును బార్కరు వారు కట్టిన మేనిసొగసును, లోపలి సింహాసనమును మెచ్చుకొని మరలిపోవుదురే కాని, మూసిన బానెట్టు క్రింద నున్న ఏడు లీటర్లకు మించిన సిల్వర్ గోస్ట్ ఇంజనును గూర్చి విచారించువారు అరుదు. నా మట్టుకు అందు దర్శనీయమైనది ఆ ఇంజనే.

తన తొలి ఆరు సిలిండర్ల బండ్లలో పొడవైన క్రాంకు షాఫ్టు మెలికపడి కంపించి విరుగుటను చూచిన హెన్రీ రాయిస్, మూడేసి సిలిండర్ల దిమ్మెలు రెంటిని ఒకే వరుసలో బింబప్రతిబింబములవలె నమర్చి, షాఫ్టును ఏడు బేరింగులపై నిలిపి, వానికి ఒత్తిడితో నూనె నందించెను. ఇందు ఒకటవ పిస్టను ఆరవదానితోను, రెండవది అయిదవదానితోను, మూడవది నాలుగవదానితోను జంటగా లేచి దిగును. జంటకును జంటకును 120 డిగ్రీల ఎడముండుటచే ఒకదాని త్రోపును తక్కిన రెండును అణచును. నాలుగు సిలిండర్ల ఇంజనులో నన్ననో, షాఫ్టు ఒక్క చుట్టు తిరుగులోపల రెండుమార్లు కలుగు కుదుపు ఒకటి మిగిలియే యుండును. 1911లో ఒక సిల్వర్ గోస్టును లండనునుండి ఎడింబరోకును, తిరిగి లండనుకును టాపు గేరులోనే నడిపి చూపిరి. మందగమనమున గూడ తడబడని ఇట్టి యంత్రమే గదా ఊరేగింపునకు తగినది!

ఈ గుణము విలువ తెలియవలెనన్న శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ రోడ్డు నెక్కవలెను. మలుపు నడుమ వేగము సన్నగిల్లి, నాలుగు సిలిండర్ల బండి గడగడలాడి, డ్రైవరు చేయి గేరురాడ్డును వెదకుకొను చోట, క్రాంకు ప్రతి 120 డిగ్రీలకు ఒక ప్రేలుడుబలము నందుకొను ఆరు సిలిండర్లది మెల్లగా తేరుకొని పైకి సాగును. 1954 మొదలు మన దేశమున తయారైన టాటా-మెర్సిడిస్ లారీలలో నున్నవియు వరుసగా ఆరు సిలిండర్ల డీజిలు ఇంజనులే. నిజాము రథముతో తమ బండికి గల ఈ చుట్టరికమును వాని యజమానులెన్నడైన తలపోసిరో లేదో!

పొడవే ఈ ఆరు సిలిండర్ల వరుస ఇంజనునకు శత్రువు. ఇంజను నడ్డముగా పెట్టు నేటి చిన్నకారులలో దీనికి చోటు చాలదు. అయినను రెండు దశాబ్దములు వి-ఆకారపు ఆరు సిలిండర్లతో గడపిన మెర్సిడిస్ వారు 2017లో మరల ఈ వరుసకే వచ్చిరి.

కావున చౌమహల్లాలో ఆ బానెట్టును తెరచి యుంచవలెననియు, మన్యపు ఐటిఐలలో తుక్కుకు పోవు లారీ ఇంజను నొకదానిని ప్రక్కగోడ కోసి, హెడ్డు విప్పి, చేతితో త్రిప్పుటకు వీలుగా నిలుపవలెననియు నా కోరిక. తెరమీది బొమ్మతో పాఠము ముగించుట సులువే. కాని అరకు కుర్రవాడు పిడి త్రిప్పి, ఒకటియు ఆరును ఒక్కమారే పైకి వచ్చుటను తానే చూచినచో, రేపు ఏ షెడ్డులో టైమింగు కట్టవలసివచ్చినను పరుల నడుగ నక్కరలేదు.