చేతిలో మూడు పనులు

ఒక పని ముగించకుండా మరొకటి ముట్టుకోకూడదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. మిగతా పనుల మాట ఎలా ఉన్నా, ఇంట్లో చేసుకునే అల్లికలకు, కుట్లకు ఈ నియమం పనికిరాదని నా అభిప్రాయం. సగం అల్లిన స్వెట్టరు, సగం అయిన క్రోషియా కవరు, పరచి మడిచిపెట్టిన బొంత ఒకే ఇంట్లో కనబడితే, "ఈవిడ ఏదీ తెమల్చదు" అనేస్తారు. అలా అనేవారు ఆమె రోజు ఎలా గడుస్తుందో గమనించరు.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఉన్న సుపేలాను ఉదాహరణగా తీసుకుందాం. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల భిలాయి ఉక్కు కర్మాగారం ఏర్పడింది. 1959లో దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైంది. పని వెతుక్కుంటూ అక్కడికి వెళ్ళి స్థిరపడినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. కర్మాగారం రాత్రింబవళ్ళు షిఫ్టుల్లో నడుస్తుంది కనుక ఇల్లు కూడా షిఫ్టుల్లోనే నడుస్తుంది. రాత్రి డ్యూటీ చేసినవారు పగలు నిద్రపోతారు. అలాంటి ఇంట్లో గదులు తక్కువైతే ఆ వారమంతా నేలమీద బొంత పరచే వీలుండదు. బొంత ముగిసేదాకా సూది ముట్టనని గృహిణి కూర్చుంటే ఆ వారం పోయినట్లే.

ఈ మూడు పనుల తీరు కూడా ఒకటి కాదు. క్రోషియాలో కొక్కెం ఉన్న ఒకే సూది, సాధారణంగా దానిమీద ఒకే లూపు నిలిచి ఉంటుంది. పాలు పొంగినా, పిల్లవాడు ఏడ్చినా ఆ ఒక్క లూపును కాస్త పెద్దది చేసి వదిలి వెళ్ళవచ్చు. తిరిగి వచ్చి దారం లాగితే సరిపోతుంది. స్వెట్టరు అలా కాదు. ఒక వరసలోని లూపులన్నీ సూదిమీదే ఉంటాయి. వరస మధ్యలో లేస్తే లూపులు జారవచ్చు, డిజైను లెక్క తప్పవచ్చు. హిందీ ప్రాంతాల్లో సీదా, ఉల్టా అని ఈ లెక్క పెడతారు. కాబట్టి దీనికి ఎవరూ పిలవని గంట కావాలి. వరస చివరే ఆపాలి. బొంతను ఎక్కడైనా ఆపవచ్చు గాని దానికి చోటు కావాలి, వెలుతురు కావాలి, మొదట చీరల మడతలు ముడతలు లేకుండా పరచి కచ్చా కుట్లు వేసేటప్పుడు ఇంకొక మనిషి కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో దీనిని కథరీ అంటారు. అంటే, పొయ్యి దగ్గరి పది నిమిషాలు క్రోషియావి, మధ్యాహ్నపు గంట స్వెట్టరుది, పొరుగావిడ తోడు దొరికిన రోజు బొంతది. పనులు మూడు కావడానికి కారణం చపలత్వం కాదు, కాలం ముక్కలై ఉండడం.

రంగుల సంగతి కూడా చూడండి. ఊలు ఉండల మీది చీటీలో లాటు నంబరు ఉంటుంది. ఒకే రంగైనా లాటు మారితే ఛాయ మారవచ్చు. అందుచేత స్వెట్టరుకు కావలసిన ఊలంతా ఒకేసారి కొనాలి. కొంత మిగులుతుంది. ఆ మిగులుతో క్రోషియా చదరాలు అల్లి ఒకదానికొకటి జతచేస్తే రంగురంగుల దుప్పటి అవుతుంది. అక్కడ ఛాయ మారడం లోపం కాదు, అదే అందం. బొంతకు ఎలాగూ పాత నూలు చీరలే మేలు. అవి కుంచించుకోవలసినంత కుంచించుకొని, వదలవలసిన రంగు వదిలేసి ఉంటాయి. ఇలా ఒక పని మిగులు రెండో పనికి పెట్టుబడి అవుతుంది.

అయితే నాలుగో పని వద్దంటాను. మూడింటికి మించితే చేతిలో ఉండేది పని కాదు, పెట్టెలో ఇరుక్కుపోయిన డబ్బు. పురుగు పట్టిన ఊలును ఎవరూ కొనరు.

నాకు అసలు అభ్యంతరం మరొకచోట ఉంది. వీటన్నిటినీ "తీరిక వేళల కాలక్షేపం" అనడం. ఈ పేరు వల్ల ఏం జరుగుతుందో మన నరసాపురం లేసు చరిత్రలో కనబడుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ క్రోషియా అల్లిక పశ్చిమ గోదావరి ప్రాంతపు స్త్రీల చేతుల్లో ఎగుమతి సరుకుగా ఎదిగింది. దానిమీద పరిశోధన చేసిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు ఊసుపోక చేసే పనిగా చెలామణి అయినందువల్లే కూలి అంత తక్కువగా నిలిచిందనీ, లాభం వ్యాపారులకు చేరిందనీ ఆమె చూపించారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. మంచిదే. కాని ఊరి పేరుకు దక్కిన గుర్తింపు అల్లినవారి గంటల లెక్కను దానంతటదే మార్చదు.

అందుకే సుపేలాలో ఉన్నా, గోదావరి ఒడ్డున ఉన్నా ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఒక్కొక్క పనికి ఒక పేజీ. కొన్న సరుకు ధర, లాటు నంబరు, ఎక్కడ ఆపారు, ఎన్ని గంటలు పట్టింది అని రాయండి. బల్లమీది కవరుకు 200 రూపాయల దారం, 40 గంటల పని పట్టిందనుకుందాం. పొరుగువారు 400 ఇస్తామన్నారు. దారం ఖర్చు పోగా గంటకు 5 రూపాయలు. ఆ లెక్క వారికి చూపించి ధర అడగండి. ఇవ్వలేమంటే కవరు మీ బల్లమీదే ఉండనివ్వవచ్చు.