సగం ధర సర్టిఫికెట్టు కన్నా ఖాళీ గోడే నయం

చిక్కబళ్ళాపురం జిల్లాలో చిన్న పరిశ్రమలవాళ్ళు నలుగురు కూడిన చోట ఐఎస్ఓ ప్రస్తావన వస్తే వినబడేది ఒకటే మాట: "సర్టిఫికెట్టే కదా, ఎవరిస్తే ఏం? టెండరు కాగితాల్లో పెట్టడానికి ఒకటుంటే చాలు." గుర్తింపు ఉన్న సంస్థ దగ్గరికి పోతే ఖర్చూ ఎక్కువే, తిప్పలూ ఎక్కువే. గుర్తింపు లేనివాళ్ళు వాట్సాప్‌లోనే పని కానిచ్చేస్తారు. కాబట్టి తెలివైన వ్యాపారి రెండో దారే పడతాడని అందరి నమ్మకం. ఈ నమ్మకం తప్పని నా వాదన. గుర్తింపు ఉన్న సర్టిఫికెట్టు తీసుకోండి, లేదంటే అసలు తీసుకోకండి. నడిమిది ఆ రెండిటికన్నా అన్యాయం.

చాలామందికి తెలియని సంగతి, జెనీవాలో ఉన్న ఐఎస్ఓ ఎవరికీ సర్టిఫికెట్టు ఇవ్వదు. ప్రమాణాలు రాయడంతో దాని పని సరి. తన లోగోను సర్టిఫికెట్ల మీద వేసుకోవడానికి కూడా ఒప్పుకోదు. ఫ్యాక్టరీకి వచ్చి ఆడిట్ చేసి సర్టిఫికెట్టు ఇచ్చేవి వేరే సంస్థలు. వాళ్ళు ఆడిట్ సక్రమంగా చేస్తున్నారా లేదా అని చూసేది ఇంకో పై అంచె. మన దేశంలో ఆ పని క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉన్న ఎన్ఏబీసీబీది, బ్రిటన్‌లో యూకేఏఎస్‌ది. ఒక దేశం గుర్తింపును ఇంకో దేశం ఒప్పుకునేలా ఐఏఎఫ్ అనే అంతర్జాతీయ వేదిక ద్వారా కుదిరిన ఒప్పందం ఉంది. అక్రెడిటేషన్ అంటే ఇంతే, బ్రహ్మవిద్యేమీ కాదు. ఆ పై అంచె లేకుండా సర్టిఫికెట్టు ఇవ్వడం నేరం కాదు. నేరం కాదు కాబట్టే ప్రింటరున్న ప్రతివాడూ ఇస్తున్నాడు.

అలాంటిదొకటి గౌరిబిదనూరు వైపు ఓ ఫ్యాబ్రికేషన్ షెడ్డులో చూశాను. బంగారు అంచు, హోలోగ్రాము, భూగోళం బొమ్మ, కింద ఇద్దరి సంతకాలు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునేది ఆ సర్టిఫికెట్టు ఇచ్చినవాళ్ళ సొంత వెబ్‌సైటే. దేనికిచ్చారయ్యా అని చూస్తే "అన్ని రకాల లోహ వస్తువుల తయారీ, సరఫరా, వర్తకం, ఎగుమతి, సేవలు" అని ఉంది. అక్కడ చేసేది ఇంటి గేట్లు, షాపుల షట్టర్లు. ఎగుమతి మాట చదివితే యజమానికే నవ్వొచ్చింది. ఆడిట్‌కు ఎవరొచ్చారని అడిగితే, "ఫొటోలు పంపమన్నారు సార్, పంపినాం" అన్నాడు. కింద బల్ల మీద ఉన్న వెర్నియర్ కాలిపర్‌కు కాలిబ్రేషన్ స్టిక్కరు లేదు. ఆడిటర్ అనేవాడు గడప తొక్కి ఉంటే మొదట పట్టుకునేది దాన్నే.

ఇక ధర సంగతి. ఐఏఎఫ్ పట్టిక ప్రకారం 26 నుంచి 45 మంది పనిచేసే చోట నాణ్యతా నిర్వహణ ప్రమాణం ఐఎస్ఓ 9001 తొలి ఆడిట్‌కు 4 రోజులు పట్టాలి. పని తేలికైనదని రోజులు తగ్గించినా 30 శాతం మించి తగ్గించకూడదు. ఆ తర్వాత ఏటా ఒక సర్వైలెన్స్ ఆడిట్, మూడేళ్ళు నిండేలోపు మళ్ళీ పూర్తి ఆడిట్. చదువూ అనుభవమూ ఉన్న ఒక మనిషి అన్ని రోజులు కూర్చుని చేసే పని నాలుగైదు వేలకు ఎలా వస్తుంది? బెంగళూరు నుంచి రానూపోనూ కారు బాడుగకే అందులో చాలా భాగం పోతుంది కదా. చౌకగా ఇచ్చేవాడు తన లాభం తగ్గించుకుని ఇస్తున్నాడని అనుకోకండి. అతను ఆడిట్‌నే తీసేశాడు. మనం డబ్బిచ్చేదే ఆడిట్‌కు. పైగా మాన్యువల్ రాసిచ్చేదీ అతనే, దాన్ని పాసు చేసేదీ అతనే. గుర్తింపు ఉన్న సంస్థ అలా కన్సల్టెన్సీ, సర్టిఫికెట్టు రెండూ అమ్మకూడదని నియమం.

శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్లో దారం తీసే రీలరు కుప్పలోకి చెయ్యి దూర్చి, అడుగునున్న గూళ్ళు నాలుగు పైకి తీసి నొక్కి చూడందే వేలం పాడడు. అదే రీలరు తన యూనిట్‌కు సర్టిఫికెట్టు కొనేటప్పుడు బంగారు అంచు చూసి తృప్తిపడుతున్నాడు!

"అక్రెడిటేషన్ ఉన్నవాళ్ళు మాత్రం సత్యహరిశ్చంద్రులా?" అంటారు. కారు. టీ తాగి, ఫైలు తిరగేసి, సంతకం పెట్టి పోయే ఆడిటర్లు అక్కడా ఉన్నారు. కానీ వాళ్ళ మీద ఫిర్యాదు చేయడానికి ఒక చోటుంది, గుర్తింపు ఊడగొట్టే అధికారం ఒకరికుంది. సేంద్రియ ఉత్పత్తుల సర్టిఫికెట్ల దారి వేరే అనుకోండి, అయినా అక్కడ జరిగింది చూడండి. మన నువ్వుల్లో ఉండకూడని ఎథిలీన్ ఆక్సైడ్ బయటపడ్డాక యూరోపియన్ యూనియన్ 2021 చివర్లో మన దేశంలో పనిచేసే ఐదు సర్టిఫికేషన్ సంస్థల గుర్తింపు తీసేసింది. ఏ గుర్తింపూ లేనివాడి నుంచి తీసేయడానికి ఏముంటుంది?

"ఎవరూ చూడరు" అనేది ఇంకో ధీమా. మున్సిపాలిటీ టెండరు వరకు అది నిజమే కావచ్చు. గెర్కిన్ ఎగుమతి చేసే ఫ్యాక్టరీని అడగండి. విదేశీ కొనుగోలుదారుడు ఆహార భద్రతకు ఎఫ్ఎస్ఎస్‌సీ 22000 అడిగితే, ఆ పథకం లైసెన్సూ అక్రెడిటేషనూ ఉన్న సంస్థ ఇచ్చిందే చెల్లుతుంది. వాహనాల విడిభాగాలకు ఐఏటీఎఫ్ 16949 అడిగే చోట అయితే, ఐఏటీఎఫ్ స్వయంగా ఒప్పుకున్న సంస్థలు తప్ప ఇంకెవరూ పనికిరారు.

"ముందు చవకది తీసుకుని, పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు మార్చుకుందాం" అనేవాళ్ళున్నారు. అది కుదరదు. ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు బదిలీ అయ్యేది అక్రెడిటేషన్ ఉన్న సర్టిఫికెట్టు మాత్రమే. లేనిదాన్ని పక్కనపడేసి మొదటి ఆడిట్ నుంచి మొదలుపెట్టాలి. "బయటివాళ్ళకు చూపడానికి కాదు, మా పని బాగుపడటానికే" అంటారా, మంచిదే. బీఐఎస్ దగ్గర ప్రమాణం పుస్తకం కొనుక్కుని అందులో ఉన్నట్టు చేయండి. పాటించడానికి సర్టిఫికెట్టు ఉండి తీరాలని ఐఎస్ఓ ఎక్కడా అనలేదు. మిగిలిన డబ్బుతో ఆ కాలిపర్‌ను ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపవచ్చు.

ఈ జిల్లా వాళ్ళే ఇంత తేలిగ్గా నమ్మడం నాకు వింతగా ఉంటుంది. హెచ్. నరసింహయ్య గారిది మన హొసూరే. తమిళనాడు హొసూరు కాదు, గౌరిబిదనూరు తాలూకాది. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలరుగా ఉండి, 1976లో మహిమలను పరీక్షించడానికి కమిటీ వేసిన మనిషి ఆయన. పొరుగునే ఉన్న పుట్టపర్తి బాబాను కూడా పరీక్షకు రమ్మని ఉత్తరాలు రాశాడు. బాబానే రుజువు అడిగిన ఊరివాళ్ళం, హోలోగ్రామును అడగలేమా?

అయినా తప్పంతా వ్యాపారులదే అంటే అన్యాయం. ఈ సంత పెట్టించింది టెండరు రాసేవాళ్ళు. "ఐఎస్ఓ సర్టిఫికెట్టు జతపరచాలి" అని ఒక్క వాక్యం రాసి, వచ్చినదాన్ని ఫైలులో గుచ్చి, టిక్కు పెట్టి వదిలేస్తారు. నాలుగు రోజుల ఆడిట్ చేయించుకున్నవాడికీ, నాలుగు ఫొటోలు పంపినవాడికీ ఒకే టిక్కు. మొదటివాడి ఖర్చంతా అతని కొటేషన్లో కనబడుతుంది, రెండోవాడు తక్కువ ధరకు ఆర్డరు ఎగరేసుకుపోతాడు. ఎన్ఏబీసీబీ గానీ, ఐఏఎఫ్ ఒప్పందంలో ఉన్న ఇంకే అక్రెడిటేషన్ బోర్డు గానీ గుర్తించిన సంస్థ ఇచ్చిందై ఉండాలని, సరఫరా చేసే వస్తువు పేరు అందులో ఉండాలని టెండరులో ఇంకో రెండు వరసలు రాస్తే చాలు. సర్టిఫికెట్టు నిజమా కాదా అని వెతకడానికి ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ ఉంది, ఇచ్చిన సంస్థకు గుర్తింపు ఉందో లేదో ఎన్ఏబీసీబీ జాబితాలోనే కనబడుతుంది. ఇంజనీరు సారు కుర్చీలోంచి లేవనక్కరలేదు.