సదరం క్యాంపు సరే, సరదా క్యాంపు ఎప్పుడు?

మా పల్నాడులో "క్యాంపు" అన్న మాటకు మనిషిని బట్టి అర్థం మారుతుంది. పట్నంలో చదివే పిల్లవాడికి వేసవి క్యాంపంటే ఈత, బొమ్మలు, కరాటే. చర్చికి వెళ్ళే పిల్లలకు మే నెలలో వి.బి.ఎస్. అంటే పాటలు, కథలు, ఆఖరి రోజున బహుమతులు. కానీ మా మాచవరంలో నడవలేని కూతురినో, మాట రాని కొడుకునో సాకుతున్న తల్లిని అడిగి చూడండి. ఆమె ఎరిగిన క్యాంపు ఒక్కటే, సదరం క్యాంపు. చీకటితో బయలుదేరి, ఆసుపత్రి వరండాలో గంటల తరబడి కూర్చుని, బిడ్డ వైకల్యం ఎంత శాతమో కాగితం మీద రాయించుకుని రావడం. నలభై దాటితే ఊపిరి పీల్చుకోవడం, దాటకపోతే కన్నీళ్ళతో తిరుగుబస్సు ఎక్కడం.

కొలవడానికి క్యాంపు ఉంది. కలిసి ఉండడానికి లేదు. నా ఫిర్యాదు ఇంతే.

పింఛనును నేను తక్కువ చేయడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వికలాంగుల పింఛను 3,000 రూపాయల నుంచి 6,000కు పెరిగింది, పూర్తిగా మంచం పట్టినవారికి 15,000 అయింది. మంచిదే. కానీ ఆ డబ్బు చేతిలో పెట్టి సమాజం తన బాకీ తీరిపోయిందనుకుంటోంది. వికలాంగులను దివ్యాంగులని పిలవడం నేర్చుకున్నాం, డిసెంబరు 3న శాలువాలు కప్పడం నేర్చుకున్నాం. వారి పక్కన ఒక పూట కూర్చుని అన్నం తినడం మాత్రం నేర్చుకోలేదు. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని, చాపకూడు మన సొత్తని ఏటా కారంపూడి తిరునాళ్ళలో చెప్పుకుంటాం కదా! ఆ చాప దాకా పాకి రాలేనివాడికి చోటు ఎక్కడో కూడా చెప్పుకోవాలి.

ఇలాంటి శిబిరాలు నడిపేవారు లోకంలో లేకపోలేదు. మెన్నొనైట్లు అని ఒక క్రైస్తవ శాఖ ఉంది. తెలుగువారికి వారు కొత్తవారేమీ కారు. 1889లో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ కృష్ణకు ఆవల నల్లగొండలో పనిచేశాడు. మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘాలు నేటికీ ఉన్నాయి. ఆయుధం పట్టకూడదన్నది వారి మూల నియమాల్లో ఒకటి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో అలా నిరాకరించిన యువకులకు, వారిలో మెన్నొనైట్లే ఎక్కువ, 1941 నుంచి 1947 దాకా ప్రత్యామ్నాయ సేవ అప్పగించారు. సుమారు 12,000 మందిలో 3,000 మంది దాకా మానసిక చికిత్సాలయాల్లో పనికి కుదిరారు. రోగులను కట్టేయడం, బట్టలు లేకుండా వదిలేయడం కళ్ళారా చూశారు. వారు బయటపెట్టిన సంగతులు 1946 మే నెలలో లైఫ్ పత్రికలో ఫోటోలతో సహా అచ్చయ్యాయి. 1949లో మెన్నొనైట్లు మేరీలాండ్‌లో బ్రూక్ లేన్ అనే తమ సొంత చికిత్సాలయం తెరిచారు. కెనడాలో మానిటోబా మెన్నొనైట్ సంఘాల శిబిరాల్లో మేధోవైకల్యం ఉన్న పెద్దలకు వేసవిలో ప్రత్యేక వారాలు నడిచాయి. పెద్దలకు అన్న మాట గమనించండి. మన దగ్గర బడి వయసు దాటిన మేధోవైకల్యుడు ఊరి లెక్కలోంచే మాయమవుతాడు.

ఇది చెప్పగానే వచ్చే అభ్యంతరాలు నాకు కంఠతా వచ్చు.

"తిండికే దిక్కులేనిచోట ఆటలేమిటి?" ఆటలు అదనపు దయ అనుకునేవారి మాట ఇది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 30వ అధికరణం వినోదాన్నీ ఆటలనూ హక్కుగా రాసింది. భారతదేశం దాన్ని 2007లో ఆమోదించింది. మన 2016 చట్టం 29వ సెక్షన్ సంస్కృతీ వినోదాల గురించే. పైగా ఆ వారం రోజులూ ఇంట్లో తల్లి కంటినిండా నిద్రపోతుంది. ఇరవై ఏళ్ళుగా ఒక రాత్రయినా సరిగ్గా నిద్రపోని ఆమెకు అది ఏ పింఛనూ ఇవ్వని వరం.

"ఇదంతా మతం మార్చే ఎత్తు." సరే, అలా అనుమానించేవారు తామే ఒక శిబిరం పెట్టి చూపవచ్చు, అడ్డుపడేవారు ఎవరూ లేరు. మరోవైపు స్వస్థత సభల్లో వికలాంగుణ్ణి వేదిక ఎక్కించి, మైకు పెట్టి "లేచి నడువు" అనేవారికీ ఒక మాట. నేను కోరే శిబిరంలో ఎవరినీ నడవమని అడగరు. ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు.

"రెంటచింతల ఎండల్లో వేసవి శిబిరమా?" ఈ ఒక్కదానికి నేను తలవంచుతాను. కెనడా వేసవి వేరు, మన వేసవి వేరు. చెమట పట్టని, దాహమని చెప్పలేని మనిషిని మేలో బయట తిప్పడం ప్రాణాంతకం. కనుక మనకు దసరా సెలవుల శిబిరం కావాలి. అప్పుడు బడి భవనాలు ఖాళీగా ఉంటాయి, గాలీ చల్లబడుతుంది.

మనుషులెక్కడ అంటారా? మన కాలేజీల్లో ఎన్.ఎస్.ఎస్. ఉంది. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని నియమాల్లోనే ఉంది. ఆ పిల్లలు ఊళ్ళకు వచ్చి చీపుళ్ళు పట్టుకుని ర్యాలీ తీసి వెళుతుంటారు. వారిలో ఇరవై మందిని ఇటు తిప్పండి. వచ్చిన ఒక్కొక్కరికి ఒక్కో తోడు, ఆడవారికి ఆడతోడు. ముందుగా రెండు రోజుల శిక్షణ. ఫిట్స్ మాత్ర ఏ వేళకు ఎవరికన్నది గోడ మీద పెద్ద అక్షరాలతో కాక, బాధ్యురాలి చేతి పుస్తకంలో ఉండాలి. నమలలేనివారికి మెత్తని అన్నం, అదీ కూర్చోబెట్టి తినిపించాలి. రాత్రి వంతులవారీ కాపలా ఉండాలి. మూసిన గదిలో ఏ తోడూ ఒంటరిగా ఉండకూడదు. మెట్ల పక్కన అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలుబాట, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి, పట్టుకోవడానికి గోడకు ఒక కమ్మీ ఉండాలి. ముఖ్య అతిథి, వేదిక, అనుమతి లేని ఫోటో ఉండకూడదు.

ఇందులో ఏది అసాధ్యమో చెప్పండి మిత్రులారా. ఖర్చంటారా, మా వైపు ఒక మోస్తరు పెళ్ళి భోజనాలకయ్యే దానికి మించదని నా నమ్మకం. కుదరదనేవారు ఎందుకు కుదరదో కారణంతో సహా రాయండి, వాదించుకుందాం. కుదురుతుందనేవారు మాత్రం మెచ్చుకుని ఊరుకోకండి. మీ ఊరి కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. చూసే మాస్టారిని కలిసి, వచ్చే దసరాకు ఏం అనుకుంటున్నారో అడిగి రండి.