గ్రంథాలయపు బీరువా - సయోధ్యకు తొలిమెట్టు

ఒక జాతి జీవించి ఉన్నదో, గతించిపోయినదో గ్రంథాలయంలోని బీరువా కూడా చెబుతుంది. ఈ మాట విచిత్రంగా తోచవచ్చు. కాని కెనడా దేశపు ఆదివాసుల అనుభవాన్ని పరిశీలిస్తే ఇందలి సత్యం బోధపడుతుంది.

ఆ దేశంలో ప్రభుత్వ ద్రవ్యంతో, క్రైస్తవ సంఘాల నిర్వహణలో నూరేళ్లకు పైగా వసతి పాఠశాలలు నడిచాయి. సుమారు 1,50,000 మంది ఆదివాసి బాలబాలికలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి వాటిలో చేర్చారు. మాతృభాషలో పలికిన పసివారిని దండించారు. వేలాదిమంది పిల్లలు తిరిగి ఇల్లు చేరలేదు. 2008లో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ సంవత్సరమే ఏర్పడిన సత్య, సయోధ్య సంఘం 2015లో 94 కర్తవ్యాలను దేశం ముందుంచింది. వాటిలో పాఠ్యప్రణాళికకు, ఉపాధ్యాయ శిక్షణకు, జాతీయ గ్రంథాలయానికి సంబంధించినవీ ఉన్నాయి. చదువు పేరిట చేసిన గాయాన్ని చదువే మాన్పవలె గదా!

అయితే ఆ చదువుకు ఆధారమైన గ్రంథాలయం ఎట్లున్నది? అక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయపు వర్గీకరణను అనుసరిస్తాయి. అందులో ఆదివాసులను గూర్చిన గ్రంథాలు అధికభాగం అమెరికా చరిత్ర అనే విభాగానికే చేరుతాయి. తమ భూమికై నేడు న్యాయస్థానాలలో వాదిస్తున్న జనులు బీరువాలో మాత్రం గతకాలపు ముచ్చటగా మిగిలారు. జాతుల పేర్లను అక్షరక్రమంలో పేర్చినందున ఇరుగుపొరుగువారు సైతం చెదరిపోయారు.

మోహాక్ జాతికి చెందిన గ్రంథపాలకుడు బ్రయన్ డీర్ 1970ల నడుమ వేరొక వర్గీకరణను రూపొందించారు. అందులో జాతులు తమ నివాసాలను, పరస్పర సంబంధాలను బట్టి పక్కపక్కన నిలుస్తాయి. 1993లో వాంకూవర్ నగరంలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో వెలసిన హ్వేహ్వా గ్రంథాలయం ఆ పద్ధతినే కొన్ని మార్పులతో పాటిస్తున్నది. స్క్వామిష్ భాషలో ఆ పేరుకు ప్రతిధ్వని అని అర్థం. తమ గొంతు తమకు వినిపించే చోటుకు అంతకన్న తగిన పేరేమున్నది?

బోధన విషయంలోనూ మార్పు వచ్చింది. విన్నిపెగ్, లేక్‌హెడ్ విశ్వవిద్యాలయాలు 2016 నుండి ఆదివాసి విషయాలపై ఒక పాఠ్యాంశాన్ని డిగ్రీ విద్యార్థులకు తప్పనిసరి చేశాయి. నిర్బంధంతో సయోధ్య కుదురుతుందా అని ఆక్షేపించవచ్చు. నిర్బంధం ఒక్కటే మనస్సును మార్చదు, నిజమే. కాని ఇష్టానికి వదిలితే, ఆ పాఠం ఎవరికి అత్యవసరమో వారే దానిని తప్పించుకుంటారు. అందుచేత తప్పనిసరి చేయటమే సమంజసమని మేము భావిస్తున్నాము.

ఇది దూరదేశపు ముచ్చట, మనకేల అనవద్దు. డ్యూయీ దశాంశ వర్గీకరణలో 220 మొదలు 280 వరకు గల వరుసలన్నీ క్రైస్తవానివి. ఇస్లాముకు దక్కినది 297 అనే ఒక్క సంఖ్య. ఆ ఇరుకు ఎట్టిదో ఈ కళాశాలవారమైన మనకు తెలుసు. ఇరుకు తెలిసినవారు మరొకరిని ఇరుకున పెట్టరాదు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో గోండి లిపిలోని వ్రాతప్రతులు వెలుగుచూశాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. మరి మన కళాశాలల బీరువాలలో దానికి స్థానం ఎక్కడ?

పాలకవర్గంవారికి మా విన్నపం ఒక్కటే. ఉర్దూ, తెలుగు గ్రంథాల సరసన గోండి, కోయ భాషల వాచకాలకు, ఆ జాతులవారు స్వయంగా వ్రాసిన పుస్తకాలకు ఒక అర కేటాయించండి. ఏ పుస్తకాలు ఉంచాలో, ఏ పేరుతో ఉంచాలో ముందుగా వారినే అడగండి. విద్యార్థి మిత్రులారా! ఆ అర ఏర్పడిననాడు దానిని దుమ్ముపట్టనీయకుండుట మీ బాధ్యత. క్షమాపణ ఒక్కరోజులో చెప్పవచ్చు. సయోధ్య మాత్రం చదివిన కొద్దీ కుదురుతుంది.