వేలికొసన వేపచెట్టు

చెట్టు బొమ్మ వేయమని ఏ పిల్లాడికి చెప్పినా రెండు నిలువు గీతలు గీసి, పైన మబ్బులాంటి ఆకుపచ్చ ముద్ద పెట్టేస్తాడు. అందులో నాలుగు ఎర్రచుక్కలు పెడితే అది యాపిల్ చెట్టు. (మన ఊళ్లో యాపిల్ చెట్టు ఎక్కడుందని అడక్కండి!) పెద్దయ్యాక మనం వేసేదీ అంతకన్నా గొప్పగా ఏమీ ఉండదు. మనిషి మొహం తప్పు వేస్తే ముక్కు పెద్దదైందనో, కళ్లు దగ్గరయ్యాయనో వెంటనే చెప్పేస్తాం. చెట్టు తప్పు వేస్తే మాత్రం తప్పని తెలుస్తుంది కానీ, ఎక్కడో చెప్పలేం. 'ఎందుకో ప్లాస్టిక్ చెట్టులా ఉంది' అని ఊరుకుంటాం.

ఆ 'ఎందుకో'కి సమాధానం వెతకడం కొందరు శాస్త్రవేత్తలకు ఏళ్ల తరబడి పనైంది. ఎందుకంటే సినిమాలకీ, వీడియో గేములకీ, ఇంజినీర్లు తయారుచేసే ఇళ్ల నమూనాలకీ చెట్లు కావాలి. కంప్యూటర్‌లో ఇల్లు కట్టడం తేలికే. గోడకు నాలుగు మూలలు చెబితే చాలు, నిలబడిపోతుంది. చెట్టు అలా కాదు. వీధి చివరి వేపచెట్టునే తీసుకోండి. వేలాది రెమ్మలు, లెక్కకు అందనన్ని ఆకులు. ఒక్కొక్కటీ చేత్తో అతికిస్తూ కూర్చుంటే ఈలోగా పెరట్లో నాటిన మొక్కే చెట్టయిపోతుంది.

అందుకని చాలాకాలం అడ్డదారి తొక్కారు. చెట్టు ఫొటోని రెండు అట్టల మీద అంటించి, కూడిక గుర్తులా ఒకదాన్లోకి ఒకటి దూర్చినట్టు నిలబెట్టడమే ఆ కిటుకు. దూరం నుంచి చూస్తే చెట్టే. దగ్గరికెళ్తే అట్ట. పైనుంచి చూస్తే నిజంగానే కూడిక గుర్తు.

అసలు దారి చూపించింది బొమ్మలేసేవాళ్లు కాదు, జీవశాస్త్రజ్ఞుడు. హంగరీలో పుట్టిన అరిస్టిడ్ లిండెన్‌మేయర్ 1968లో నాచులాంటి చిన్న జీవుల్లో కణాలు వరసగా ఎలా పెరుగుతాయో రాయడానికి ఓ పద్ధతి కనిపెట్టాడు. సూత్రం చిన్నదే. పెద్ద కణం ఒక పెద్దదిగా, ఒక చిన్నదిగా చీలుతుంది. చిన్న కణం ఎదిగి పెద్దదవుతుంది. అంతే! ఒక పెద్ద కణంతో మొదలుపెట్టి కాగితం మీద మీరే వేసి చూడండి. ఒకటి రెండవుతుంది, ఆపైన మూడు, అయిదు, ఎనిమిది. ఇదే తరహా సూత్రంలో 'ఇక్కడ కొమ్మ వేయి, ఇంత కోణంలో తిప్పు' అని చేరిస్తే కాగితం మీద మొక్క మొలుస్తుంది. లిండెన్‌మేయర్ 1989లో కన్నుమూశాడు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రుసింకేవిచ్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. కంప్యూటర్‌లో మొక్కలు పెంచేవాళ్లకు అది పెద్దబాలశిక్ష లాంటిది.

అయితే ఒక్క సూత్రాన్నే పట్టుకుని వేసిన చెట్టులో ఇంకో చిక్కుంది. అది మరీ బుద్ధిమంతురాలిలా ఉంటుంది. ఎడమవైపు ఎంతో కుడివైపూ అంతే. నిజం చెట్లకు అంత క్రమశిక్షణ ఉండదు. పక్కనే మేడ ఉంటే అవతలికి వాలుతుంది. పైనున్న కొమ్మ గొడుగు పట్టేస్తే కింద కొమ్మ ఎండి రాలిపోతుంది. మనకు కనిపించే ఆకారం చెట్టు అనుకుని వేసుకున్న ప్లాను కాదు. వెలుతురు కోసం దాని కొమ్మలు తమలో తాము పడ్డ పోటీలో మిగిలింది.

ఈ సంగతిని పట్టుకునే 2012లో కాల్గరీ బృందం 'ట్రీస్కెచ్' అనే ప్రోగ్రాం తయారుచేసింది. ఐప్యాడ్ లాంటి ట్యాబ్లెట్ తెర మీద వేలితో రాస్తుంటే, రాసిన దారి వెంబడి చెట్టు పెరుగుతుంది. గమనించండి, వేలు గీస్తున్నది కొమ్మని కాదు. 'ఇటు పెరుగు' అని చెబుతోందంతే. ఎన్ని రెమ్మలు వేయాలో, ఏది బతకాలో ఏది రాలాలో మొగ్గలే తేల్చుకుంటాయి. వేలు తీసేసి దాని మానాన దాన్ని పెరగనివ్వచ్చు, మధ్యలో మళ్లీ అందుకోవచ్చు. మొక్కై వంగనిది మానై వంగునా అని మన సామెత. ఇక్కడ మాత్రం మానైన తర్వాత కూడా రూపం దిద్దుకోవచ్చు. ఇదంతా సెకన్లలో జరిగిపోతుంది.

లోపల జరిగే లెక్క మన ఉమ్మడి కుటుంబం వ్యవహారమే. ప్రతి మొగ్గా తన మీద ఎంత వెలుతురు పడుతోందో చూసుకుంటుంది. ఆ లెక్కలన్నీ రెమ్మ నుంచి కొమ్మకీ, కొమ్మ నుంచి మానుకీ దిగి ఒకచోట కూడతాయి, అందరూ జీతాలు తెచ్చి ఇంటిపెద్ద చేతిలో పెట్టినట్టు. అక్కడి నుంచి మళ్లీ పైకి పంపకం. పెద్దకొడుక్కి ఎక్కువిచ్చి మిగతావాళ్లకి తగ్గించారనుకోండి, నిటారుగా ఒకే మాను ఎగబాకుతుంది. అశోక అని మనం పిలుచుకునే నరమామిడి అలాంటిది. అందరికీ ఇంచుమించు సమానంగా పంచితే వేపలా, చింతలా గుబురుగా విచ్చుకుంటుంది. ఏళ్ల తరబడి చేతికి ఏమీ తేని కొమ్మకి వాటా ఆగిపోతుంది, అది రాలిపోతుంది. (ఇక్కడితో కుటుంబం పోలిక ఆపేద్దాం!)

నిజం చెట్టులో వ్యవహారం ఇంకా చిక్కనైంది. కొన మొగ్గ నుంచి ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి పక్క మొగ్గల్ని నిద్రపుచ్చుతుంటుంది. తులసి కొసలు తుంచితే గుబురుగా పెరుగుతుందని మన అమ్మమ్మలకి తెలుసు. ఆక్సిన్ పేరు తెలియదంతే. తీగలకు తగులుతుందని కరెంటువాళ్లు వచ్చి చెట్టు నడినెత్తిన నరికి వెళ్లాక, కొద్ది నెలలకు నరికిన చోటి చుట్టూ చీపురుకట్టలా రెమ్మలు లేవడం కూడా ఇదే. మన వీధి చెట్టుని ట్యాబ్ మీద నమ్మేలా వేయాలంటే ముందు పెంచాలి, తర్వాత నరకాలి, మళ్లీ కొంత పెరగనివ్వాలి. నిండుగా గుండ్రంగా వేస్తే అందంగానే ఉంటుంది కానీ, మన వీధిలోదిగా ఉండదు.

లావు సంగతి కూడా చెప్పాలి. ఒక కొమ్మ రెండుగా చీలితే ఆ రెండింటి అడ్డుకోత వైశాల్యం కలిపితే అసలు కొమ్మ అంత ఉంటుందని అయిదువందల ఏళ్ల కిందటే లియొనార్డో డావిన్సీ రాసుకున్నాడు. అంటే 10 సెంటీమీటర్ల లావు కొమ్మ రెండు సమాన కొమ్మలైతే ఒక్కోటీ 5 కాదు, దాదాపు 7 సెంటీమీటర్లుండాలి. అన్ని చెట్లకీ అచ్చంగా సరిపోదు కానీ, కంటికి చాలు. మన బొమ్మలు ప్లాస్టిక్‌లా కనిపించడానికి సగం కారణం ఇక్కడే ఉంది. చాలామంది కొమ్మల్ని మరీ సన్నగా వేస్తారు. ఇక మర్రిచెట్టు దగ్గరికొస్తే ఈ లెక్కలు చాలవు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ రికార్డుకెక్కింది. దాదాపు అయిదెకరాల నీడ అది. ఊడ కిందికి దిగి, నేల తాకాక తానే మానైపోవడానికి వేరే సూత్రం రాయాల్సిందే.

ఇంతకీ ఈ డిజిటల్ చెట్లతో మనకేం పని అంటారా? ఇల్లు కొనే ఆలోచన ఉంటే చాలా ఉంది.

హాలీవుడ్ 'అవతార్'లో వాడిన 'స్పీడ్‌ట్రీ' సాఫ్ట్‌వేర్ 2002లో అమెరికాలో వచ్చింది. దాన్ని చేసినవాళ్లకు 2015లో ఆస్కార్ల సాంకేతిక పురస్కారం కూడా దక్కింది. మొదట్లో దానికి ప్రేరణ అడవులూ కాదు, సినిమాలూ కాదు. ఓ గోల్ఫ్ ఆట ప్రోగ్రామూ, ఆ తర్వాత భవనాల బొమ్మలూ! భవనం బొమ్మ పక్కన మంచి చెట్టు దొరక్క సొంతంగా తయారుచేసుకున్నారు. ఇప్పుడు రెడీమేడ్ చెట్లు బోలెడు దొరుకుతున్నాయి. దాంతో మన ఊరి అపార్టుమెంట్ బ్రోచర్లలో ఎర్రటి ఆకుల మేపుల్ చెట్లు కూడా కనిపిస్తున్నాయి. అది నవ్వుకుని వదిలేయొచ్చు. వదిలేయకూడనిది ఇంకోటుంది.

బ్రోచర్‌లో గృహప్రవేశం నాటికే చెట్లన్నీ మూడంతస్తుల ఎత్తుంటాయి. మనకి తాళాలిచ్చే రోజున అక్కడుండేది వెదురుకర్రకి కట్టిన మొక్క. మధ్యలో పదిహేనేళ్లు. ఈ పదిహేనేళ్లూ పడమటి ఎండ సరాసరి పడగ్గది గోడ మీదే. ఆ బొమ్మని చూసి నీడకి కూడా కలిపి డబ్బులిచ్చేవాళ్లు తక్కువేమీ కాదు.

చిత్రమేమిటంటే, పెంచే పద్ధతిలో చేసిన చెట్టు ఆ నిజాన్నీ చూపించగలదు. మొలక దశ నుంచే పెరిగింది కనుక చిన్నప్పుడెలా ఉంటుందో, ఎదిగాక ఎలా ఉంటుందో రెండూ దానిలోనే ఉన్నాయి. దానికి ఎండ లెక్క జోడించడం కష్టం కాదు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, చెట్టు నీడ చెట్టు కిందే పడుతుంది. డిసెంబరు 21న దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, 10 మీటర్ల చెట్టు ఉత్తరంగా ఎనిమిదిన్నర మీటర్ల నీడ పరుస్తుంది. ఎండాకాలం సాయంత్రాల్లో మనల్ని కాపాడేది పడమటివైపు చెట్టే. బ్రోచర్‌లో మాత్రం చెట్లు గేటు పక్కనా, ఫౌంటెన్ చుట్టూనే ఎక్కువ.

ఈసారి అలాంటి బొమ్మ చేతికొస్తే రెండు ప్రశ్నలు అడగండి. బాల్కనీ ముందు వేసిన ఈ చెట్టు పేరేమిటి, బొమ్మలో దాని వయసెంత? దాని కింద ఉన్నది నేలా, సెల్లార్ పార్కింగ్ స్లాబా? స్లాబైతే పైన ఎన్ని అడుగుల మట్టి పోస్తారో కూడా కనుక్కోండి. పూలకుండీకి సరిపోయే మట్టిలో వేపమాను నిలవదు. సేల్స్ కుర్రాడు తెల్లమొహం వేస్తే ఏమీ అనుకోకండి. పార్కింగ్ గురించీ, వాస్తు గురించీ అడిగినవాళ్లే తప్ప చెట్టు వయసు అడిగినవాళ్లు అతనికి ఇంతవరకూ తగిలి ఉండరు.