వృద్ధాశ్రమం కాదు, మరుగుదొడ్డిలో చేతిపట్టు కావాలి

మన ప్రాంతంలో నాలుగు డబ్బులు కూడబెట్టినవారికి దానబుద్ధి పుడితే ఒకప్పుడు చలివేంద్రమో సత్రమో కట్టించేవారు. ఇప్పుడు వృద్ధాశ్రమం కట్టిస్తామంటున్నారు. శంకుస్థాపన సభలో వక్తలు పిల్లలు చెడిపోయారనీ, ఉమ్మడి కుటుంబం నశించిందనీ వాపోతారు. దశాబ్దాలపాటు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన నాకు ఈ రోగనిర్ధారణే తప్పుగా కనబడుతున్నది. చాలా సందర్భాలలో ముసలివారిని ఇల్లు దాటిస్తున్నది పిల్లల మనసు కాదు, ఆ ఇంటి కట్టడం.

పెద్దదోర్నాలనే తీసుకోండి. శ్రీశైలం ఘాట్ రోడ్డుకు ముందున్న ఈ కూడలి ఊరిలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ సేద్యం వానదేవుడి దయ. వెలిగొండ నీటికోసం ఒక తరం ఎదురుచూస్తూనే ముసలిదైపోయింది. ఒంట్లో శక్తి ఉన్నవారు హైదరాబాదు, బెంగళూరు, గుంటూరు పనులకు పోతారు. పాత ఇంట్లో తల్లిదండ్రులు మిగులుతారు. ఆ ఇంటిని ఒకసారి వైద్యుడి కళ్ళతో చూడండి. అరుగు ఎక్కడానికి మూడు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కింద నున్నని బండలు, తడిస్తే జారతాయి. పెరటి చివర మరుగుదొడ్డి. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల సాయంతో కట్టుకున్నదైతే గొంతుక్కూర్చోవలసినదే.

పశ్చిమ ప్రకాశంలో అనేక గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ అధికం. ఏళ్ళ తరబడి ఆ నీరు తాగినవారి వెన్ను, తుంటి, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. అటువంటి మనిషి గొంతుక్కూర్చోగలడా? కూర్చుంటే లేవగలడా? ఫలితం ఏమిటంటే, రాత్రి పెరట్లోకి పోవలసివస్తుందన్న భయంతో సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తారు. ఇది నేను వందలసార్లు విన్న మాట. నీరు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఎండాకాలంలో మూత్రపిండాలకు దెబ్బ. ఇన్ఫెక్షన్ ముదిరితే పొంతనలేని మాటలు. దానికి ఇంట్లోవారు పెట్టే పేరు ‘ముసలామెకు మతి పోయింది’ అని. నాలుగు రోజుల చికిత్సతో తేరుకోవలసిన మనిషికి శాశ్వతంగా ముద్ర వేస్తారు. ఈలోగా ఒక తెల్లవారుజామున జారిపడి తుంటి విరుగుతుంది.

ఆపరేషన్ తరువాత కొడుకు ఆమెను హైదరాబాదు తీసుకుపోతాడు. అక్కడ అతనికున్నది పిల్లలతో కలిసి పడుకునే ఒంటిగది, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. గది పెద్దదైతే అద్దె అతని కూలిని మింగుతుంది. దానికితోడు ఇంటి యజమాని భయం. అద్దె ఇంట్లోంచి శవం లేవకూడదనే మూఢవిశ్వాసం మనవాళ్ళలో ఇంకా బతికే ఉన్నది. మంచాన పడ్డ మనిషి ఉన్నారని తెలిస్తే ఇల్లు ఇవ్వరు, ఇచ్చినవారు ఖాళీ చేయమంటారు. అప్పుడు ఆ కొడుకు వృద్ధాశ్రమం చిరునామా వెతుకుతాడు. అతన్ని తిట్టడం సులభం. సొంత మేడలో అరుగుమీద కూర్చుని తిట్టేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

ప్రభుత్వం డబ్బు ఇవ్వడం లేదా అంటే, ఇస్తున్నది. 2024 నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. మంచిదే, కాదనను. మంచాన పడినవారికి నెలనెలా 15,000 ఇవ్వగల రాజ్యం, పడకుండా ఆపే ఇనుప పైపు ముక్కకూ, నాలుగు బోల్టులకూ, మేస్త్రి ఒకపూట కూలికీ ఒక్కసారి కూడా పద్దు రాయదా? జపానులో 2000లో మొదలైన దీర్ఘకాల సంరక్షణ బీమా కింద, ఇంట్లో చేతిపట్లు బిగించడానికి, గడపలు సరిచేయడానికి, మరుగుదొడ్డి మార్చడానికి 2,00,000 యెన్‌ల వరకు పనికి సాయం ఉన్నది. అది ధనిక దేశం కదా అంటారు. పైపు ముక్కకు ధనిక దేశం కానక్కరలేదు.

పేదల ఇళ్ళ విషయమూ ఇంతే. 2020లో పల్లెల్లో సెంటున్నర స్థలం ఇచ్చారు. ఇప్పుడు మూడు సెంట్లంటున్నారు. వాదమంతా సెంట్ల మీదనే. ఆ ఇంట్లో అవ్వ మంచం ఎక్కడ పడుతుందని అడిగినవారిని నేను ఏ పార్టీ సభలోనూ వినలేదు. వెలిగొండ జలాశయంలో ఊళ్ళు మునిగే సుంకేసుల, గుండంచర్ల వంటి గ్రామాలవారి పునరావాసంలోనైనా ఈ ప్రశ్న అడగాలి. అరవై ఏళ్ళుగా చీకట్లో కూడా దారి తెలిసిన ఇంటినుంచి కదిలించినప్పుడు, జ్ఞాపకశక్తి సన్నగిల్లిన వృద్ధులు మరింత తికమకపడతారు. కొత్త ఇల్లు వారికి తగినట్టు లేకపోతే ఆ కదలికే జబ్బవుతుంది.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం జిల్లాకొక వృద్ధాశ్రమం గురించి చెప్పింది. ఉన్న ఇంటిని బాగుచేయడం గురించి చెప్పలేదు. అయినా అందులో ఒక అస్త్రం ఉన్నది. పోషిస్తారన్న షరతుమీద రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవచ్చు. కనుక పిల్లలకు గిఫ్టు దస్తావేజు రాసే పెద్దలారా, పోషణ షరతూ, బతికినంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కూ స్పష్టంగా రాయించండి. ‘నా బిడ్డలు అలాంటివారు కాదు’ అంటారా? కాకపోతే ఆ వాక్యం వల్ల వారికి నష్టమేమీ లేదు.

నా అన్నవారు లేనివారికి, ఇంట్లో దెబ్బలు తింటున్నవారికి ఆశ్రమం తప్పక ఉండాలి, బాగా ఉండాలి. నేను వద్దంటున్నది, ఇల్లూ మనుషులూ ఉన్నవారికి దాన్ని మొదటి మందుగా రాయడాన్ని.

వృద్ధాశ్రమానికి చందా ఇవ్వదలచినవారు ఆ సొమ్ముతో మీ వీధిలో ఎన్ని మరుగుదొడ్లు మార్చవచ్చో ముందు ఒక మేస్త్రిని అడగండి. కూర్చునే పీట దాదాపు 18 అంగుళాల ఎత్తు ఉండాలి. చేతిపట్టు గోడలోకి గట్టిగా దిగాలి, తువ్వాలు తగిలించే కమ్మీ మనిషి బరువు ఆపదు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల పడినవారు అడ్డంగా ఉంటే లోపలికి తోయలేరు. మంచం నుంచి అక్కడివరకు రాత్రంతా ఒక చిన్న బల్బు వెలగనివ్వండి.